మాంగీస్ అన్నది నేనే

ఈ సంచికకు ఏదైనా రాయమని ఫోన్ చేసిన మిత్రుడు "నువ్వూ ఒక అలుమ్నైవే కదా" అన్నాడు. అలుమ్నై అంటే పూర్వ విద్యార్థులు, అది లాటిన్ బహువచనం. ఒక్కడినే కాబట్టి నేను అలుమ్నస్‌ను. ఆ మాట నోటిదాకా వచ్చి, ఇంగ్లీషు మాస్టారు గుర్తొచ్చి ఆగిపోయింది.

ఎనిమిదో తరగతి, మధ్యాహ్నం మొదటి పీరియడు. అన్నం తిన్న మత్తులో ఉన్నాం. మాస్టారు బోర్డు మీద ‘గూస్ – గీస్’, ‘టూత్ – టీత్’ అని రాసి, ఇలాంటిదే ఇంకొకటి చెప్పమన్నారు. నేను లేచి ‘మాంగూస్ – మాంగీస్’ అన్నాను. తెలిసిన నలుగురు నవ్వారు, వాళ్లను చూసి మిగతావాళ్లూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

"దాన్ని మీ ఇంట్లో ఏమంటారు?"

"ముంగిస అండీ."

"మరి దానికీ బాతుకీ ఏమిటి చుట్టరికం? గూస్ వాళ్ల ఇంటి పాత మాట. మాంగూస్ మన దేశం నుంచి, మరాఠీ వాళ్ల నోటి మీదుగా వెళ్లింది. మన ముంగిసకు దాయాది. కొత్తగా వచ్చిన వాళ్లకు పాత ఇంటి ఆచారాలు ఉండవు. మాంగూసెస్ అంటే సరిపోతుంది."

వెనక బెంచీ నుంచి ఒకడు "ఈ ఇంగ్లీషుకు ఒక పద్ధతంటూ లేదండీ" అన్నాడు. మాస్టారు సుద్దముక్క వాడి చేతికిచ్చి ఊరు, పేరు, కారు – వీటికి బహువచనాలు రాయమన్నారు. ఊళ్లు అని రాశాడు. పేర్లు అని రాశాడు. మూడో దాని దగ్గర ‘కాళ్లు’ అని రాసి, తనే నాలుక కరుచుకుని అరచేత్తో తుడిపేశాడు.

"చెయ్యికి?"

"చేతులండీ."

"చెయ్యిలు ఎందుకు కాదు?"

వాడికి తెలియదు, మాకూ తెలియదు. అంతవరకు మన మాటలకు వ్యాకరణం ఉంటుందన్న ఊహే నాకు లేదు.

చిల్డ్రన్‌లో బహువచనం రెండుసార్లు ఉందని చెప్పిందీ ఆయనే. పాతకాలంలో ‘చిల్డర్’ అంటేనే పిల్లలట. అది చాలదన్నట్టు చివర ఇంకో ప్రత్యయం తగిలించారట. మనం చిప్స్‌కు ‘లు’ చేర్చి చిప్స్‌లు అనడం లేదా! నీళ్లు, పాలు తెలుగులో బహువచనాలు కదా అని మేము వాటర్స్, మిల్క్స్ అని రాస్తే మాత్రం దయ లేకుండా ఎర్ర సిరా పడేది.

ఫోన్ చేసింది ఆ వెనక బెంచీ వాడే. ఇప్పుడు కార్ల షెడ్డు నడుపుతున్నాడు.