పాప మెదడులో క్రియాటిన్ లేదు: జబ్బు, మందు, మా ఇంటి తూకాలు

మా పాపకి జీఏఎంటీ లోపం, అంటే మెదడుకీ కండరాలకీ శక్తి అందించే క్రియాటిన్ ఒంట్లో తయారుకాని జన్యుజబ్బు, ఉందని రెండున్నరేళ్ల వయసులో తేలింది. అప్పటికే ఫిట్స్ వస్తున్నాయి, ఒక్క మాటా రాలేదు. పాత రిపోర్టులు ముందేసుకుని చూస్తే, ఆనవాలు మొదటి రక్తపరీక్షలోనే ఉంది: సీరమ్ క్రియాటినిన్ 0.1. అది పెరిగితే కిడ్నీలని అందరూ కంగారుపడతారు, తగ్గితే ఎవరూ ఆగి చూడరు. ఒంట్లోని క్రియాటిన్‌లో రోజుకి 1.7 శాతం దాకా క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. క్రియాటిన్ తయారే కాకపోతే క్రియాటినిన్ కూడా తగ్గిపోతుంది. కాకపోతే ఈ జబ్బున్న కొందరు పిల్లల్లో ఈ అంకె మామూలుగానే ఉంటుంది. అది బాగుందని జబ్బు లేదనుకోకూడదు.

నాడీకణాలు పని చేసేటప్పుడు వాటికి శక్తినిచ్చే ఏటీపీ క్షణాల్లో ఖర్చయి ఏడీపీగా మిగులుతుంది. మైటోకాండ్రియా కొత్తది అందించేలోపు, ఫాస్ఫేట్ చేరిన క్రియాటిన్ (ఫాస్ఫోక్రియాటిన్) ఆ ఫాస్ఫేట్‌ని ఏడీపీకి ఇచ్చి లోటు పూడుస్తుంది. కరెంటు పోయిన వెంటనే ఇన్వర్టర్ అందుకున్నట్టు. మా పాపకి ఆ బ్యాటరీయే లేదు. మూత్రపిండాల్లో ఆర్జినిన్, గ్లైసిన్ కలిసి గ్వానిడినోఅసిటేట్ తయారవుతుంది. దాన్ని కాలేయంలో జీఏఎంటీ అనే ఎంజైము క్రియాటిన్‌గా మార్చాలి. ఆ ఎంజైము పని చేయనందువల్ల క్రియాటిన్ రాదు, గ్వానిడినోఅసిటేట్ పేరుకుపోతుంది. అది నరాలకి విషం, ఫిట్స్‌కి అదీ ఒక కారణం. అందుకే క్రియాటిన్ ఒక్కటే ఇస్తే చాలదు.

ఎంఆర్ఐలో, మెదడు లోపల గ్లోబస్ పాలిడస్ అనే భాగం దగ్గర చిన్న మార్పు తప్ప ఏమీ కనబడలేదు. జబ్బు బయటపడింది స్పెక్ట్రోస్కోపీలో, అంటే మెదడులోని రసాయనాలను గ్రాఫుగా చూపించే పరీక్షలో. గ్రాఫులో 3.0 పీపీఎం దగ్గర నిలబడాల్సిన క్రియాటిన్ గీత అసలు లేదు. ఈ పరీక్ష అదే మెషీన్లో ఇంకొన్ని నిమిషాల పని. మాటలు రాని, ఫిట్స్ ఉన్న పిల్లకి మత్తిచ్చి ఎంఆర్ఐ తీస్తున్నప్పుడు స్పెక్ట్రోస్కోపీ కూడా అదే రోజు తీయమని తప్పకుండా అడగండి. రెండోసారి మత్తు ఇవ్వక్కర్లేదు. తర్వాత రక్తంలో, మూత్రంలో గ్వానిడినోఅసిటేట్ చూస్తారు. ఎక్కువుంటే జీఏఎంటీ లోపం, బాగా తక్కువుంటే ఏజీఏటీ (గ్వానిడినోఅసిటేట్‌ని తయారుచేసే ఎంజైము) లోపం. మగపిల్లల్లో అది మామూలుగా ఉండి, మూత్రంలో క్రియాటినిన్‌తో పోల్చితే క్రియాటిన్ ఎక్కువుంటే, క్రియాటిన్‌ని కణాల్లోకి చేర్చే ట్రాన్స్‌పోర్టర్ లోపం. ఆ మూడోదానిలో నోటితో ఇచ్చిన క్రియాటిన్ మెదడులోకి వెళ్లలేదు. చివరగా జన్యు పరీక్ష.

పాప బరువు 12 కిలోలు. క్రియాటిన్ మోనోహైడ్రేట్ కిలోకి 400 మిల్లీగ్రాములు, అంటే రోజుకి 4.8 గ్రాములు, 1.2 చొప్పున నాలుగు సార్లు. గ్వానిడినోఅసిటేట్ తయారీని తగ్గించే ఆర్నిథిన్ కూడా అంతే. సోడియం బెంజోయేట్ కిలోకి 100 మిల్లీగ్రాములు. అది గ్లైసిన్‌ని పట్టుకుని మూత్రంలోకి పంపేస్తుంది. ఇవి మా డాక్టరు మా పాపకి రాసిన మోతాదులు. బరువు పెరిగినప్పుడల్లా మళ్లీ లెక్క కడతారు. ఆర్నిథిన్ కొనేటప్పుడు డబ్బా మీద హైడ్రోక్లోరైడా, ఆస్పార్టేటా చూడండి. గ్రాముకి గ్రాము రెండూ సమానం కావు. క్రియాటిన్ జిమ్ వాళ్లు వాడేదే, కానీ రుచులు, కెఫీన్ కలిపింది వద్దు.

చెంచాతో కొలవకండి. పొడి గట్టిగా నొక్కుకుంటే ఒక తూకం, వదులుగా ఉంటే ఒక తూకం. వంటింటి కాటా ఒక గ్రాము తేడా చూపిస్తుంది, మన మోతాదే 1.2. బంగారం తూచే చిన్న కాటా, 0.01 గ్రాము చూపించేది, కొనుక్కోండి. క్రియాటిన్ చల్లటి నీళ్లలో సరిగ్గా కరగదు, అడుగున ఇసుకలా దిగుతుంది. గోరువెచ్చటి నీళ్లలో కలిపి వెంటనే తాగించి, గ్లాసు కడిగిన నీళ్లు కూడా పట్టాలి. నిమ్మరసంలోనో పండ్లరసంలోనో కలిపి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంచితే, పులుపుకి కొంత క్రియాటినిన్‌గా మారిపోతుంది.

కష్టమైంది తిండి. గ్వానిడినోఅసిటేట్ తగ్గాలంటే ఆర్జినిన్ తగ్గాలి, అది మన వంటల్లో నిండా ఉంది. పల్లీలు 100 గ్రాముల్లో 3 గ్రాముల దాకా ఉంటుంది. పల్లీ చట్నీ, నువ్వుల పొడి పూర్తిగా మానేశాం. పప్పు తూచి పెడతాం. అన్నం, కూరగాయలు, నెయ్యి కడుపు నింపుతాయి. ప్రొటీన్ మరీ తగ్గించినా ప్రమాదమే. ఒంట్లో కండ కరిగి అందులోని ఆర్జినిన్ రక్తంలోకి వస్తుంది, ఎదుగుదలా ఆగుతుంది. అందుకే ఆర్జినిన్ లేని అమైనో ఆమ్లాల ఫార్ములా ఇస్తాం. జ్వరం వచ్చిన రోజు లంఖణం పెట్టడం ఈ పిల్లలకి అసలు పనికిరాదు. చక్కెర కలిపిన గంజి గంట గంటకీ పడుతూ ఉండాలి.

ఒక హెచ్చరిక. మందు మొదలయ్యాక క్రియాటినిన్ పెరుగుతుంది. అది చూసి కిడ్నీ దెబ్బతిందని, విషయం తెలియని డాక్టరు మందు ఆపించే ప్రమాదం ఉంది. కిడ్నీ పనితీరుకి క్రియాటినిన్‌తో సంబంధం లేని సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష అడగండి.

ఫిట్స్ మూడో నెలకి ఆగాయి. మెదడులోకి క్రియాటిన్ చాలా నెమ్మదిగా చేరుతుంది. ఆరో నెల గ్రాఫులో చిన్న గీత లేచింది, పద్దెనిమిదో నెలకి పెరిగింది, ఇంకా మామూలు ఎత్తుకి రాలేదు. ఇప్పుడు పాప నడుస్తుంది, పిలిస్తే తిరిగి చూస్తుంది, ఏడెనిమిది మాటలు అంటుంది. ఆలస్యంగా మొదలుపెట్టినందువల్ల మాటల్లో వెనకబాటు పూర్తిగా పోదని మాకు తెలుసు.

ఇది తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే వచ్చే జబ్బు. మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ. ఇద్దరిలోనూ ఆ జన్యువు ఉంటే ప్రతి కాన్పులో 25 శాతం. అమెరికాలో 2023లో ఈ జబ్బుని నవజాత శిశువులకు చేయించమని సిఫార్సు చేసే పరీక్షల జాతీయ జాబితాలో చేర్చారు. ఇంట్లో ఒక బిడ్డకి ఉంటే, తర్వాతి బిడ్డకి కడుపులో ఉండగానే జన్యు పరీక్ష చేయించవచ్చు. లేదా పుట్టిన వారంలోపే రక్తంలో గ్వానిడినోఅసిటేట్ చూడమని పురిటికి ముందే డాక్టరుతో మాట్లాడి పెట్టుకోండి. లక్షణాలు రాకముందే మందు మొదలైన పిల్లలు మామూలుగా ఎదిగిన సందర్భాలున్నాయి.