ఓరుగల్లు, మోటుపల్లి, బందరు

సముద్రం లేని మా ఓరుగల్లుకు రేవుల చరిత్రతో సంబంధమేమిటని అడిగేవారికి నేను తీరాంధ్ర రేవు మోటుపల్లిలోని అభయ శాసనాన్నే చూపిస్తాను. తుఫానుకు ఒడ్డున పడిన ఓడల సరుకును పాలకులు స్వాధీనం చేసుకునే ఆనవాయితీని 13వ శతాబ్దంలో ఓరుగల్లు నుంచి ఏలిన కాకతి గణపతిదేవుడు విడిచిపెట్టి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని వర్తకులకు అందులో హామీ ఇచ్చాడు. ఆ ఔదార్యం వెనుక ఖజానా లెక్క కూడా ఉందనే నా అభిప్రాయం.

గోల్కొండ సుల్తానుల కాలానికి మోటుపల్లి రేవుకున్న ప్రాధాన్యం మచిలీపట్నానికి (బందరుకు) దక్కింది. నూలు వస్త్రాల కోసం 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు అక్కడ దిగారు. 1750లో ఫ్రెంచివారి చేతికి చిక్కిన ఆ పట్టణాన్ని 1759లో ఆంగ్లేయ సేనాని కర్నల్ ఫోర్డ్ పట్టుకోవడంతో, అంతవరకు ఫ్రెంచివారిని నమ్ముకున్న నిజాం సలాబత్ జంగ్ ఆంగ్లేయులతో ఒప్పందానికి రావలసివచ్చింది. పెద్ద ఓడలు తీరానికి దూరంగానే లంగరు వేసి పడవలలో సరుకు దించే ఆ లోతులేని రేవును 1864 నవంబరు ఉప్పెన ముంచెత్తి, సుమారు 30,000 మందిని బలిగొన్నది.