గ్రేసన్ కౌంటీలో ఐదెకరాలు కొనే ముందు

టెక్సస్‌లో డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో, ప్రాస్పర్ ఇళ్ల ధరలు చూసి విసిగిన తెలుగు కుటుంబాలు కొంతకాలంగా ఉత్తరం వైపు చూస్తున్నాయి. ప్రెస్టన్ రోడ్డు మీదో, 75వ నంబరు హైవే మీదో కాలిన్ కౌంటీ హద్దు దాటితే గ్రేసన్ కౌంటీ వస్తుంది. గంటర్, వాన్ అల్‌స్టీన్, హౌ, టామ్ బీన్, వైట్‌రైట్ లాంటి చిన్న ఊళ్లు, వాటి మధ్య గడ్డి భూములు. షెర్మన్‌లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2022లో కొత్త చిప్ ఫ్యాక్టరీల నిర్మాణం మొదలుపెట్టాక ఉద్యోగం కూడా అటువైపే దొరకొచ్చన్న ఆశ పెరిగింది. ఎకరం అంటే 4,840 గజాలని చిన్నప్పటి నుంచి తెలిసిన వాళ్లకి, ఫ్రిస్కోలో పక్కింటి వంటగది కిటికీలోంచి కనిపించే ఇల్లు కొనే డబ్బుతో ఐదెకరాలు వస్తాయంటే మనసు లాగుతుంది. పైగా ఎన్‌ఆర్‌ఐలు ఇండియాలో సాగుభూమి కొనడానికి అక్కడి విదేశీ మారక చట్టం, ఫెమా, ఒప్పుకోదు, వారసత్వంగా రావాల్సిందే. ఇక్కడ ఆ అడ్డు లేదు. 2025లో టెక్సస్ తెచ్చిన విదేశీయుల భూమి కొనుగోలు చట్టం చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియాలను ఉద్దేశించింది. భారత పౌరుల జోలికి రాదు.

అయితే పిల్లలున్న ఇంట్లో ఎకరం ధర కన్నా ముందు లెక్క తేలాల్సింది పిల్లల వారం. వాన్ అల్‌స్టీన్ నుంచి ఫ్రిస్కోకి సుమారు 30 మైళ్లు. వారానికి ఒక కూచిపూడి క్లాసు, ఒక తెలుగు బడి, ఆదివారం హనుమాన్ గుడి కలిపి మూడు రాకపోకలంటే 180 మైళ్లు. ఆఫీసు ప్రయాణం దీనికి అదనం. క్లాసు గంటసేపే కాబట్టి దింపి ఇంటికొచ్చి మళ్లీ వెళ్లడం కుదరదు, తల్లో తండ్రో కారులోనే కూర్చోవాలి. మొదటి ఏడాది ఉత్సాహంగా నడుస్తుంది. రెండో ఏడాది తెలుగు బడి ఆన్‌లైన్‌కి మారుతుంది, మూడో ఏడాది డాన్సు ఆగిపోతుంది. ఎక్కువ ఇళ్లలో జరిగేది ఇదే. దీనికి ఎవరినీ తప్పుపట్టలేం, దూరం అలాంటిది. కొనకముందే ఒక నెలపాటు, బుధవారం సాయంత్రం ఐదున్నరకి, అమ్మకానికి ఉన్న ఆ ఇంటి నుంచి క్లాసుకి నిజంగా నడిపి చూడాలి. మ్యాప్‌లో మధ్యాహ్నం రెండింటికి కనిపించే నిమిషాలు దేనికీ పనికిరావు.

పిల్లల వయసు కూడా చూసుకోవాలి. ఎనిమిదేళ్ల లోపు వెళ్లిన పిల్లలు అక్కడి వాళ్లుగానే పెరుగుతారు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లని ఫ్రిస్కో స్నేహితుల మధ్య నుంచి తీసుకెళ్లి పొలంలో పెడితే కారు చేతికొచ్చే దాకా ఇల్లు జైలులా ఉంటుంది. టెక్సస్‌లో లెర్నర్ లైసెన్సు 15 ఏళ్లకి, ప్రొవిజనల్ 16కి వస్తుంది. ప్రొవిజనల్ మొదటి 12 నెలలు అర్ధరాత్రి నుంచి ఉదయం 5 దాకా నడపకూడదు, కుటుంబ సభ్యులు కాని 21 ఏళ్ల లోపు వాళ్లని ఒక్కరికి మించి ఎక్కించుకోకూడదు. అంటే అన్నయ్య చెల్లిని తీసుకెళ్లొచ్చు గానీ, పక్క పొలం పిల్లలిద్దరినీ కలిపి బడికి తీసుకెళ్లడం కుదరదు.

బడి విషయంలో ఏజెంటు మాట కన్నా స్కూలు జిల్లా ఆఫీసు మాట నమ్మాలి. స్కూలు జిల్లాల హద్దులు ఊరి హద్దులతో గానీ కౌంటీ హద్దులతో గానీ కలవవు. చిరునామాలో వాన్ అల్‌స్టీన్ అని ఉన్నంత మాత్రాన ఆ బడే అని కాదు. చిరునామా చెప్పి, ఏ బడి, బస్సు గేటు దాకా వస్తుందా లేక మెయిన్ రోడ్డు మీదే ఆగుతుందా అని అడిగి తెలుసుకోవాలి. చిన్న జిల్లాల్లో కొన్ని వారానికి నాలుగు రోజులే నడుస్తున్నాయి. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో ఐదో రోజు పిల్లల్ని ఎవరు చూస్తారన్నది అప్పుడే తేల్చుకోవాలి.

పల్లె బడికి వెళ్తే ర్యాంకు సులభమన్న మాట మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరుగుతుంది. అందులో సగం నిజం. 1997 నాటి టెక్సస్ చట్టం ప్రకారం ఏ పబ్లిక్ హైస్కూల్లోనైనా మొదటి పది శాతంలో ఉన్నవాళ్లకి రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ ప్రవేశం ఉంటుంది. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ (యూటీ) మాత్రం ఆ గీతని 2026 ఫాల్ నుంచి మొదటి ఐదు శాతానికి దించింది. 120 మంది ఉన్న తరగతిలో ఐదు శాతమంటే ఆరుగురు. ఆ ఆరుగురిలో ఉండటం ఫ్రిస్కోలో ఉన్నంత కష్టం కాకపోవచ్చు. కానీ చట్టం యూనివర్సిటీలో సీటుకే హామీ ఇస్తుంది, కంప్యూటర్ సైన్సుకి కాదు. ఆ సీటుకి మళ్లీ ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే కాలేజీ స్థాయి) కోర్సులు, ప్రాజెక్టులు, లెక్కల్లో లోతు చూస్తారు. చిన్న బడిలో ఏపీ కోర్సులు తక్కువ, వాటి బదులు కమ్యూనిటీ కాలేజీతో కలిసి నడిపే, బడికీ కాలేజీకీ రెండిటికీ లెక్కలోకి వచ్చే డ్యూయల్ క్రెడిట్ ఎక్కువ. కాల్‌క్యులస్ ఎంతవరకు చెబుతారు, ఫిజిక్స్‌కి సొంత టీచరున్నారా, డ్యూయల్ క్రెడిట్ మార్కుకి ర్యాంకులో ఎంత వెయిటేజీ ఇస్తారన్న మూడు ప్రశ్నలు బడిలోని కౌన్సెలర్‌ని అడిగితే చాలు. బ్యాండ్ తప్పకుండా ఉంటుంది, ఆర్కెస్ట్రా ఉండకపోవచ్చు. వయొలిన్ నేర్చుకునే పిల్లకి అది పెద్ద తేడా.

ఊరి క్యాలెండరు కూడా వేరు. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్, బుధవారం సాయంత్రం చర్చి యూత్ గ్రూపు. వేసవిలో చర్చిలు నడిపే బైబిల్ స్కూలుకి స్నేహితులంతా వెళ్తారు, మన పిల్లల్నీ పిలుస్తారు. పిలుపులో చెడు ఉద్దేశమేమీ ఉండదు, ఆ ఊళ్లో పిల్లలు కలుసుకునే చోటు అదే. వెళ్లనివ్వాలా వద్దా అన్నది ఆ పిలుపు వచ్చిన రోజున కాకుండా ముందే ఇద్దరూ మాట్లాడుకుని, పిల్లలకి ఒకే జవాబు చెప్పాలి. ఫుట్‌బాల్ ఆటలకి మాత్రం వెళ్లండి. ఊరివాళ్లు మొహాలు గుర్తుపట్టేది అక్కడే. మన పండుగల సంగతి చూస్తే, మత సంబంధమైన పండుగకి సెలవు పెడితే అది అనుమతి ఉన్న గైర్హాజరుగానే లెక్కించాలని టెక్సస్ విద్యాచట్టం చెబుతోంది, ప్రయాణ దినాలతో సహా. దీపావళికి, ఉగాదికి ముందుగానే ఆఫీసులో ఉత్తరం ఇస్తే సరిపోతుంది. స్నేహితుల ఇళ్లలో రాత్రి పడుకోవడానికి పంపే ముందు, తుపాకులు తాళం వేసి ఉన్నాయా అని అడగడం అక్కడ మర్యాద తప్పడం కాదు. వాళ్లూ అడుగుతారు.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది పశువుల ప్రాజెక్టు గురించి. మూడో తరగతి నుంచి 4-హెచ్ అనే పిల్లల క్లబ్బు, హైస్కూల్లో ఎఫ్‌ఎఫ్‌ఏ అనే వ్యవసాయ విద్యార్థుల సంఘం. పిల్లవాడు మేకపిల్లనో గొర్రెపిల్లనో పందిపిల్లనో తెచ్చుకుని, నెలల తరబడి మేపి, తూచి, నడిపించి, కౌంటీ షోలో నిలబెడతాడు. బాధ్యత నేర్పడంలో దానికి సాటి వచ్చే క్లాసు ఏ నగరంలోనూ లేదు. కానీ మార్కెట్ విభాగంలో చూపించిన జంతువు వేలం తర్వాత మామూలుగా కబేళాకే వెళ్తుంది, డబ్బు పిల్లవాడికి వస్తుంది. ఈ ముక్క చాలామంది తల్లిదండ్రులకి షో రోజు దాకా తెలియదు, పిల్లవాడు అప్పటికే దానికి బుజ్జి అని పేరు పెట్టేసి ఉంటాడు. మాంసం తినే ఇళ్లలో కూడా చిక్కే: మేక దగ్గర సర్దుకుపోయే తాతయ్య కోడెదూడ దగ్గర సర్దుకోరు. శాకాహారుల ఇంట్లో అయితే మొదట్లోనే దారి మార్చుకోవాలి. బ్రీడింగ్ విభాగంలో చూపించే ఆడమేక, పెయ్య తిరిగి ఇంటికే వస్తాయి. గుడ్ల కోళ్లు, తేనెటీగలు, తోటపని, ఆహార పోషణ, రోబోటిక్స్ కూడా 4-హెచ్‌లో ఉన్నాయి. కౌంటీ ఎక్స్‌టెన్షన్ (వ్యవసాయ సలహా) ఆఫీసులో అడిగితే చెబుతారు.

తేనెటీగల దగ్గరే పన్ను లెక్క కూడా కలుస్తుంది. టెక్సస్‌లో సాగులో ఉన్న భూమికి మార్కెట్ విలువ మీద కాకుండా సాగు విలువ మీద పన్ను వేస్తారు, తేడా చాలా పెద్దది. దీనికి గత ఏడేళ్లలో ఐదేళ్లు ఆ భూమి సాగులో ఉండాలి. అమ్మేవాళ్లకి ఆ సౌకర్యం ఉన్నా కొన్నవాళ్లు తమ పేరున మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, గడువు ఏప్రిల్ 30. ఇల్లున్న భాగం, మామూలుగా ఒక ఎకరం, దీని కిందికి రాదు. పశువుల మేతకి కనీసం ఎంత భూమి ఉండాలన్నది పన్ను కోసం ఆస్తి విలువ కట్టే అప్రైజల్ జిల్లా ఒక్కోటీ ఒక్కోలా పెట్టుకుంది, ఐదెకరాలు చాలకపోవచ్చు. తేనెటీగలకి చట్టమే 5 నుంచి 20 ఎకరాలని చెబుతోంది, చాలా కౌంటీల్లో మొదటి 5 ఎకరాలకి 6 పెట్టెలు, ఆపై ప్రతి రెండున్నర ఎకరాలకి ఒకటి అడుగుతారు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. సరిగ్గా ఐదెకరాలు కొంటే, ఇంటి ఎకరం పోగా నాలుగే మిగులుతాయి, ఆ నాలుగుకి అర్హత ఉండదు. ఆరుకి పైన చూసుకోవాలి. సాగు ఆపేసి వాడకం మారిస్తే గత మూడేళ్ల పన్ను తేడా కట్టాలి. మనం ఉండే సొంత ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు వేరే ఉంది. స్కూలు పన్నులో 2025 నుంచి 1,40,000 డాలర్ల విలువ తగ్గిస్తారు, దానికీ దరఖాస్తు మనమే పెట్టాలి.

మురుగు సంగతి మన వంటింటితో ముడిపడింది. అక్కడి నల్లరేగడి నీళ్లు ఇంకనివ్వదు కాబట్టి చాలా ఇళ్లకి ఏరోబిక్ సెప్టిక్ ఉంటుంది. గాలి పంపు, క్లోరిన్ గొట్టం, శుద్ధి చేసిన నీళ్లని పచ్చిక మీద చల్లే స్ప్రింక్లర్లు అందులో భాగాలు. దీని సైజు పడకగదుల లెక్కన వేస్తారు. 3,500 చదరపు అడుగుల లోపు నాలుగు గదుల ఇంటికి, నీళ్లు ఆదా చేసే కుళాయిలుంటే, రోజుకి 300 గాలన్లు. సత్యనారాయణ వ్రతానికి అరవై మంది వచ్చి, అదే రోజు నాలుగు సార్లు బట్టల మిషను వేస్తే ఆ లెక్క దాటిపోతుంది, మురుగు తేరుకోకుండానే స్ప్రింక్లర్లలోకి వస్తుంది. పెద్ద ఫంక్షనుంటే బట్టలు మూడు రోజులు అటూ ఇటూ జరపాలి, పోర్టబుల్ టాయిలెట్ తెప్పించినా నామోషీ ఏం లేదు. వేపుడు నూనె, నెయ్యి, పప్పు అడుగు, గ్రైండరు కడిగిన పిండినీళ్లు సింకులో పోస్తే పైపులు పూడుకుపోతాయి, ట్యాంకులో సూక్ష్మజీవులు తమ పని చేయలేవు. నూనెని డబ్బాలో పోసి చెత్తలో వేయాలి, సింకు కింద గార్బేజ్ డిస్పోజల్ ఉన్నా వాడకూడదు. క్లోరిన్ బిళ్లలు మురుగునీటి కోసం చేసినవే కొనాలి. స్విమ్మింగ్ పూల్ బిళ్లలు వేరే రసాయనం, రెండూ కలిస్తే ప్రమాదం. స్ప్రింక్లర్లు చల్లే చోట గోంగూర, తోటకూర వేయకూడదు, పిల్లల ఉయ్యాల పెట్టకూడదు. అందుకే ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఆ స్ప్రింక్లర్ తలలు ఎక్కడున్నాయో కాగితం మీద గీసుకోండి. మిగిలిందే మీ పెరడు.

నీళ్లు గ్రామీణ నీటి సంస్థ మీటరు నుంచి వస్తున్నాయో, బోరు నుంచో అడగాలి. ఖాళీ స్థలమైతే మీటరు దొరుకుతుందా అన్నది సంస్థ నుంచి రాతలో తీసుకోవాలి. బోరు అయితే కోలిఫాం బ్యాక్టీరియా, నైట్రేట్ పరీక్ష కొనే ముందు ఒకసారి, ఆపై ఏటా చేయించాలి. సొంత బోరు నీటి నాణ్యతని రాష్ట్రం చూడదు. సెప్టిక్ ట్యాంకు నుంచి బోరుకి కనీసం 50 అడుగులు ఉండాలి. కరెంటు పోతే బోరు పంపూ ఆగుతుంది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్ రోజుల తరబడి చీకట్లో ఉంది. జనరేటరు కొంటే 240 వోల్టులు ఇచ్చేది కొనండి, చిన్నది పంపుని కదిలించలేదు.

నల్లరేగడి గుంటూరు వాళ్లకి చెప్పక్కర్లేదు, ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. అదే పునాదినీ ఎత్తి దించుతుంది. వేసవిలో పునాది చుట్టూ, గోడకి అడుగున్నర దూరంలో నీళ్లు ఊరుస్తూ వదిలే సోకర్ గొట్టం పరిచి నేలని ఒకే తడిలో ఉంచాలి. మంచు భయం పోయి నేల వేడెక్కాక, ఏప్రిల్ చివర్లో వేస్తే గోంగూర, సొర, బెండ, దోస బాగా కాస్తాయి. కరివేపాకు కుండీలోనే ఉండాలి, చలికి లోపలికి తేవాలి. మామిడి మాట మరిచిపోయి అంజూర, దానిమ్మ పెట్టుకోవచ్చు. ఆరు నెలలకి వచ్చే అమ్మమ్మా తాతయ్యలకి ఈ తోటే దిక్కు. అక్కడ కాలిబాటలుండవు, నడిచి పలకరించే ఇల్లుండదు, వాళ్లు కారు నడపరు. పాము కనబడ్డప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో, 911కి చిరునామా ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఫ్రిజ్ మీద అంటించి ఉంచాలి. వాళ్ల కోసం పెరట్లో చిన్న ఇల్లు కడదామనుకుంటే డీడ్ ఆంక్షలు (భూమి పత్రంలో రాసిన షరతులు), సెప్టిక్ సామర్థ్యం రెండూ ముందు చూడాలి.

ఊరి పరిధి బయట కౌంటీకి జోనింగ్ అధికారం, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో నిర్ణయించే అధికారం, దాదాపు లేదు. పక్క పొలంలో రేపు ఆర్‌వీ పార్కు రావొచ్చు, ఆదివారం తుపాకుల సాధన జరగొచ్చు. భూగర్భ ఖనిజ హక్కులు చాలాచోట్ల ఎప్పుడో వేరే వాళ్లకి అమ్ముడుపోయి ఉంటాయి, పైపులైను హక్కులు పొలం మధ్యలోంచి పోతాయి. ఇవన్నీ టైటిల్ కంపెనీ ఇచ్చే టైటిల్ కమిట్‌మెంట్ పత్రంలోని షెడ్యూల్ బిలో ఉంటాయి, దాన్ని చదవకుండా సంతకం పెట్టొద్దు. ఫైర్ స్టేషన్ రోడ్డు మీద 5 మైళ్లకి మించితే బీమా బాగా పెరుగుతుంది, కొన్ని కంపెనీలు అసలు ఇవ్వవు.

ఇవన్నీ చూసుకోవడానికి దొరికేది ఆప్షన్ గడువు. రుసుము కట్టి తీసుకునే ఆ కొన్ని రోజుల్లో ఏ కారణం చెప్పకుండానైనా వెనక్కి తగ్గొచ్చు. నగరంలో ఐదారు రోజులు చాలు, ఇక్కడ పద్నాలుగు అడగండి. మొదటి రోజే సెప్టిక్ మనిషిని, బోరు మనిషిని పిలవాలి, వాళ్లు దొరకడమే ఆలస్యం. అదే రోజు ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి ఆ చిరునామాకి కనెక్షన్ ఆర్డరు పెట్టి చూడాలి. మ్యాప్‌లో సర్వీసు ఉందని చూపించి, ఆర్డరు దగ్గర లేదనడం మామూలే. ఇంటి నుంచి పనిచేసే వాళ్లకి, ఆన్‌లైన్ తెలుగు బడికి కూర్చునే పిల్లలకి దాని జవాబు మీదే ఒప్పందం నిలబడాలో వద్దో తేలుతుంది.