బెజవాడ–గుంటూరు చదరంగం మ్యాచ్, పాతకాలం పద్ధతిలో

బెజవాడ, గుంటూరు క్లబ్బులు ఓ ఆదివారం టీమ్ మ్యాచ్ పెట్టుకోవడం ఇప్పుడు చిటికెలో పని. కృష్ణ దాటితే ముప్పై చిల్లర కిలోమీటర్లు, బోర్డుకో డిజిటల్ గడియారం, అంతే. అదే మ్యాచ్‌ని పంతొమ్మిదో శతాబ్దం పద్ధతిలో ఆడాలంటే మాత్రం మొదటి ఎత్తు కంటే ముందే చాలా తేల్చుకోవాలి. అప్పటి తగాదాలు ఎక్కువగా బోర్డు బయట పుట్టినవే.

ఎదురెదురుగా కూర్చునే మ్యాచ్‌తో మొదలుపెడదాం. 1873లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ తొలిసారి తలపడినప్పుడు జట్టుకు ఏడుగురు. ఆట తొందరగా తెమిలితే అదే జోడీ ఇంకోటి మొదలుపెట్టేది. వినడానికి బాగానే ఉంటుంది కానీ, కింది బోర్డులో బలహీనుడు గంటకో ఆట ఓడితే మొదటి బోర్డు శ్రమంతా కొట్టుకుపోతుంది. జోడీకి ఇన్ని ఆటలే అని ముందే రాసుకోండి. బలాబలాల వరుసను ఇద్దరు కెప్టెన్లూ ఒకేసారి, మడిచిన కాగితాల్లో ఇచ్చుకోవాలి. లేదంటే రెండోవాడు మొదటివాడి జాబితా చూసి తన గట్టి ఆటగాణ్ణి కిందికి దించేస్తాడు. ఆఖరి రైలు వేళకు తేలని ఆటలకు రెండు జట్లకూ చెందని గట్టి ఆటగాడు తీర్పు చెప్పాలి. ఆయన పేరు పొద్దున్నే ఖాయం చేసుకోవాలి. సాయంత్రం ఎవరి మనిషి వాళ్లకుంటాడు.

గడియారాల సంగతి కొంచెమే. ఇసుక గడియారాన్ని పక్కకు పడుకోబెట్టడం మరిచిపోతే అవతలివాడి ఆలోచనా నీ ఖాతాలో పడుతుంది. మాంచెస్టర్ వాడు థామస్ బ్రైట్ విల్సన్ చేసిన జంట గడియారం 1883 లండన్ టోర్నమెంట్‌లో వాడారు. తక్కెడలా వాలే చట్రం మీద రెండు గడియారాలు, ఒకటి నడిస్తే రెండోది ఆగుతుంది.

ఉత్తరాల మ్యాచ్‌ల తీరు వేరు. లండన్–ఎడిన్‌బరో పోరు 1824 నుంచి 1828 దాకా సాగింది, ఎడిన్‌బరో గెలిచింది. ఆట మొదలుపెట్టే ఒక తీరుకు స్కాచ్ గేమ్ అన్న పేరు అక్కడిదే. మన వైపూ మద్రాసు–హైదరాబాదు మ్యాచ్ జరిగింది. మద్రాసు పక్షాన ఆట నడిపిన గులాం కాసిం, జేమ్స్ కాక్రేన్‌తో కలిసి దాన్ని విశ్లేషించిన పుస్తకం 1829లో మద్రాసులో అచ్చయింది. ఉత్తరాల ఆటలో ఒకే కట్టుబాటు ప్రాణం: టపాలో పడ్డ ఎత్తు వెనక్కి రాదు.

నాకు అన్నిటికంటే ముచ్చటేసేది టెలిగ్రామ్ ఆట. 1880లో లివర్‌పూల్, కలకత్తా క్లబ్బుల మ్యాచ్ కోసం రూథర్‌ఫర్డ్ అనే ఆయన ఓ సంకేతం తయారుచేశాడు. తంతికి మాటకింత చొప్పున ఛార్జీ, కాబట్టి రెండు ఆటల ఎత్తులూ ఒకే మాటలో పోవాలి. ప్రతి బోర్డులో ఆడదగ్గ ఎత్తులన్నీ వరసగా లెక్కించి, రెంటినీ ఒక్క సంఖ్య చేసి, ఆ సంఖ్యకు పట్టికల్లోంచి లాటిన్ మాట కూర్చేవాళ్లు.

సంఖ్య ఎలా కుదురుతుందో మన లెక్కలో చూద్దాం. ఆట మొదట్లో ఆడదగ్గవి 20 ఎత్తులు: ఎనిమిది బంట్లకు రెండేసి, రెండు గుర్రాలకు రెండేసి. మొదటి బోర్డులో తొమ్మిదో ఎత్తు, రెండో బోర్డులో పద్నాలుగోది పంపాలి. తొమ్మిదిలో ఒకటి తీసి 20తో గుణించి 14 కలిపితే 174. అవతలివాళ్లు 20తో భాగిస్తే 8 వస్తుంది, శేషం 14. ఎనిమిదికి ఒకటి కలిపితే తొమ్మిది. శేషం సున్నా వస్తే జాగ్రత్త: 160 అంటే తొమ్మిదోది కాదు, ఎనిమిదోది, రెండో బోర్డులో ఇరవయ్యోది.

కొంప మునిగేది జాబితాలో. కోట కట్టడమో (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో కదపడం), రెండు గళ్లు దూకి పక్కనుంచి దాటిపోయిన బంటును బంటుతో కొట్టే ఎత్తో ఒక్కటి రాయడం మరిచినా ఆ తర్వాతి అంకెలన్నీ ఒకటి జరుగుతాయి. వచ్చిన ఎత్తు చెల్లేదే కావడంతో ఎవరికీ అనుమానం రాదు. పైగా మన పెద్దవాళ్ల నాటు ఆటలో బంటు మొదటిసారీ ఒక్క గడే నడుస్తుంది. ఒకరు ఆ పద్ధతిలో, ఇంకొకరు ఈ పద్ధతిలో లెక్కేస్తే మొదటి తంతికే మ్యాచ్ ఆగిపోతుంది. గళ్లు ఏ మూల నుంచి లెక్కించాలో, ఏ నియమాలతో ఆడాలో కాగితం మీద పెట్టి ఇద్దరు కెప్టెన్లూ సంతకం చేయాలి. ప్రతి కబురుతో పాటు అవతలివాళ్ల కిందటి ఎత్తునూ తిప్పి పంపాలి. అదనంగా ఒక మాట ఖర్చే, కానీ బోర్డు తేడా అప్పుడే బయటపడుతుంది.