8 కిలోబైట్ల ఇరుకులో

మెల్‌బోర్న్‌లో నేను చేరిన స్టోరేజ్ టీమ్‌కి అప్పట్లో పెద్ద టెన్షన్ ఒకటే: ఎక్స్‌ఎఫ్‌ఎస్ వాడే కస్టమర్ సర్వర్లు ఉన్నట్టుండి పడిపోవడం. సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ 1990లలో తన ఐరిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసిన ఫైల్‌సిస్టమ్ అది, అంటే డిస్క్ మీద ఫైళ్లను అమర్చే ఏర్పాటు. తర్వాత లినక్స్‌లో దాని పని కొంత ఈ ఊళ్లోని వాళ్ల ఆఫీసులోనే జరిగింది.

64 బిట్ ఎక్స్86 సర్వర్లలో కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఒక్కో థ్రెడ్‌కి, అంటే నడుస్తున్న ఒక్కో పనికి, ఇచ్చే స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ) అప్పుడు 8 కిలోబైట్లే. డిస్క్ మీద రాయమని వచ్చిన పని, నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే ఎన్‌ఎఫ్‌ఎస్ దాటి, ఫైల్‌సిస్టమ్‌లోకి దిగి, ఖాళీ బ్లాకులు వెతికి, అవసరమైతే ఆ బ్లాకుల లెక్క ఉంచే బీట్రీని (చెట్టులాంటి పట్టిక) చీల్చి, డిస్కులను కలిపి వాడే రెయిడ్, డిస్క్ డ్రైవర్ల దాకా పోవాలి. దారిలో ప్రతి ఫంక్షనూ కొంత చోటు తీసుకుంటుంది. బ్లాకుల కేటాయింపు దగ్గరే 4 కిలోబైట్లు తేలిగ్గా ఖర్చయ్యేవి. స్టాక్ పొంగితే దాని అడుగున ఉండే థ్రెడ్ సమాచారం పాడయ్యేది. తప్పు ఒకచోట, సర్వర్ పడేది ఇంకోచోట. స్టాక్ పొంగగానే పట్టుకునే గార్డ్ పేజీ అనే కాపలా 2016లో, లినక్స్ 4.9తో గానీ రాలేదు.

ఇక్కడ టీమ్‌లో అందరికంటే పెద్దాయన్ని కూడా పేరు పెట్టే పిలవాలి. గుంటూరులో చదువుకుని వచ్చిన నాకు ‘సార్’ లేకుండా మాట మొదలుపెట్టడం చాలాకాలం ఇబ్బందిగానే ఉండేది. ఆయన అడిగేది మాత్రం ఒక్కటే: “ట్రేస్ ఏది?” కెర్నెల్ లోపల ఏం జరుగుతోందో చూపించే ఎఫ్‌ట్రేస్‌లో స్టాక్ ట్రేసర్ ఆన్ చేస్తే ఏ ఫంక్షన్ ఎన్ని బైట్లు తిన్నదో వరసగా చూపిస్తుంది. ఆ పట్టిక బల్ల మీద పెట్టాక నా యాస ఎవరికీ అడ్డు రాలేదు. పరాయి దేశంలో నాకు దొరికిన మొదటి ధైర్యం అదే.

2012లో ఎక్స్‌ఎఫ్‌ఎస్ డెవలపర్ డేవ్ చిన్నర్ బ్లాకుల కేటాయింపు పనిని వర్క్‌క్యూకి (వేరే థ్రెడ్లు చేసే పనుల వరసకి) మళ్లించారు. అడిగిన థ్రెడ్ పనిని క్యూలో పెట్టి ఆగుతుంది. వర్కర్ థ్రెడ్ తన సొంత స్టాక్ మీద దాన్ని పూర్తి చేసి, ఆగినవాణ్ణి లేపుతుంది. వేగం ఏమీ పెరగదు, స్టాక్‌లో చోటు మాత్రం దొరుకుతుంది. ఎంత చక్కటి ఆలోచన అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

కానీ లోతు తగ్గినచోట నిరీక్షణ పుడుతుంది. మెమరీ ఖాళీ చేసే కెర్నెల్ థ్రెడ్ కెస్వాప్‌డీయే ఈ పని అప్పగించిందనుకోండి. ఆ సంగతి వర్కర్‌కి తెలియకపోతే, అది తిరిగి మెమరీ కోసమే ఆగిపోవచ్చు. అందుకే కెస్వాప్‌డీకున్న ప్రత్యేక అనుమతులను వర్కర్‌కి కూడా తాత్కాలికంగా ఇవ్వాల్సి వచ్చింది. 2014లో, 3.15తో స్టాక్ 16 కిలోబైట్లయింది. ఆ వెంటనే ఈ మళ్లింపును ఒక్క బీట్రీ చీలికకే కుదించారు. అది సరైన పని. పెద్ద డేటా స్ట్రక్చర్లను స్టాక్ మీంచి తీసేయడం లాంటివన్నీ అయ్యాకే వర్క్‌క్యూ జోలికి పోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

2023లో ఇంకో చిక్కుముడి సరిచేశారు. మెమరీ కరువై కొత్త వర్కర్లు పుట్టలేని వేళ, అలాంటి సమయం కోసమే ఉంచిన ఒక్క రెస్క్యూ థ్రెడ్ మొదటి పని చేస్తూ ఒక లాక్ (ఒకేసారి ఒక్కరే వాడేలా వేసే తాళం) కోసం ఆగిపోగలదు. ఆ లాక్ పట్టుకుని ఉన్నది క్యూలో దాని వెనక నిలబడ్డ రెండో పనే! డిస్క్ రాత పూర్తయ్యాక నడిచే దారిలో స్టాక్ అంత లోతుండదు కాబట్టి, అక్కడ చీలికను నేరుగా చేసేలా మార్చారు.

ఇప్పుడు రివ్యూకి వర్క్‌క్యూ ప్యాచ్ (కోడ్ మార్పు) ఏదొచ్చినా నేను ముందు అడిగేది ఇది: మెమరీ అయిపోయిన రోజున ఈ వర్కర్ ఎవరి కోసం ఆగుతుంది, అప్పుడు దాని చేతిలో ఏ లాక్ ఉంటుంది?