కర్తార్‌పూర్ లంగర్‌లో

మన పంజాబు సరిహద్దులోని డేరా బాబా నానక్ నుంచి పాకిస్తాన్‌లోని కర్తార్‌పూర్ సాహిబ్ గురుద్వారా ఐదు కిలోమీటర్లు కూడా ఉండదు. అయినా 2019 నవంబరు 9న కారిడార్ తెరిచేదాకా మన భక్తులు సరిహద్దు దగ్గరే నిలబడి, బైనాక్యులర్లలో ఆ తెల్లని గుమ్మటాన్ని చూసి దండం పెట్టుకునేవారు. నేను వెళ్లినప్పుడు వీసా అడగలేదు. పాస్‌పోర్టు, ముందస్తు నమోదు, 20 డాలర్ల రుసుము ఉంటే సరిపోయేది. సాయంత్రానికి తిరిగి వచ్చేయాల్సి ఉండేది.

గురునానక్ తన చివరి 18 ఏళ్లు ఇక్కడే సేద్యం చేసుకుంటూ గడిపారు. 1539లో ఆయన కన్నుమూసినప్పుడు దహనం చేయాలని హిందువులు, ఖననం చేయాలని ముస్లింలు పట్టుబట్టారట. దేహంపై కప్పిన దుప్పటి తొలగిస్తే పూలే కనిపించాయని, ఇరుపక్షాలూ వాటిని చెరిసగం పంచుకున్నాయని చెబుతారు. అందుకే ఇక్కడ హిందువుల సమాధీ ఉంది, ముస్లింల మజారూ (సమాధి) ఉంది. రెండింటి ముందూ తల వంచాను. 1947లో పంజాబును పంచుకున్న తీరు గుర్తొచ్చి మనసు కలుక్కుమంది.

గురుద్వారాలో అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగర్‌లో నా పక్కన కూర్చున్న జలంధర్ పెద్దాయన పుట్టింది లాయల్‌పూర్ దగ్గరి పల్లెలో. ఇప్పుడది ఫైసలాబాద్. ఎదురుగా అక్కడినుంచే వచ్చిన ఒక ముసలమ్మ. ఆమె తల్లిదండ్రులది జలంధర్ పక్క ఊరు. "భాయీ సాహబ్, మా వీధి మసీదు ఇంకా ఉందా?" అని అడుగుతూ, గ్లాసు నీళ్లలో వేలు ముంచి నేల మీద దారి గీసింది. తడి ఆరిపోతే మళ్లీ గీసింది. తన మేనమామలు వలస దారిలోనే హతమయ్యారని చెప్పింది. పెద్దాయన అడ్డుపడకుండా విన్నాడు. ఆ తర్వాత తన మేనత్తల సంగతి చెప్పాడు. ఈసారి ఆమె విన్నది. లెక్కలు సరిచూసుకోవాలన్న ధోరణి ఇద్దరిలోనూ లేదు. రెండు దేశాల మధ్య సయోధ్య అంటే ఏమిటో నేను చూసింది అక్కడే.

2025 మే 7న మన వైపు ఈ దారి మూసేశారు. పహల్గాంలో 26 మందిని బలిగొన్న ఉగ్రదాడి తర్వాతి రోజులవి. ఆ కోపం నాలోనూ ఉంది. కానీ ఆ మసీదును వెతికి ఫొటో తీస్తానని ముసలమ్మకు మాటిచ్చిన పెద్దాయనకు ఎనభై దాటాయి. చర్చలు ఎప్పుడు మొదలైనా, ముందుగా తెరవాల్సింది ఈ గేటునే.