సెకండ్ హ్యాండ్ కేమన్ ఎస్: వెతుకులాట నుంచి తాళం చేతికొచ్చేదాకా

జనవరి

ఈ ఏడాది పని ఇదే. టర్బో లేని ఇంజిన్, మాన్యువల్ గేర్లు, హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్న పోర్షే ఒకటి కొనాలి. మొత్తం 45 వేల డాలర్లు పక్కన పెట్టాను. అందులో బండి ధర 38 వేలు దాటకూడదు. 5 వేలు మొదటి ఏడాది మరమ్మతులకి, మిగిలింది పన్నుకీ ఇన్సూరెన్సుకీ. మరమ్మతుల డబ్బు ముందే విడిగా పెట్టుకోకుండా ఇలాంటి బండి జోలికి వెళ్లకపోవడమే మేలు. పాతబడి ధర సగమైనా, విడిభాగాల ధర మాత్రం కొత్త పోర్షేదే.

చాలా చదివాక 2009–2012 కేమన్ ఎస్ దగ్గర ఆగాను. పోర్షే పిచ్చి ఉన్నవాళ్లు దీన్ని 987.2 అంటారు. 3.4 లీటర్ల ఫ్లాట్ సిక్స్ (ఆరు సిలిండర్లు అటూ ఇటూ పడుకోబెట్టినట్టుండే ఇంజిన్), 320 హార్స్‌పవర్. దీని తర్వాత వచ్చిన 981లో స్టీరింగ్ ఎలక్ట్రిక్ అయిపోయింది కాబట్టి అది వద్దు. దీనికి ముందు బండ్లు ఎందుకు వద్దన్నానో మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

1997 నుంచి 2008 దాకా బాక్‌స్టర్, కేమన్, మామూలు 911లలో వాడినవి ఎమ్96, ఎమ్97 ఇంజిన్లు. వీటిలో క్రాంక్‌షాఫ్ట్‌కీ క్యామ్‌షాఫ్టులకీ మధ్య ఇంకో షాఫ్ట్ ఉంటుంది. దాన్నే ఐఎమ్ఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్) అంటారు. దాని చివరన ఉండే బాల్ బేరింగ్ చెడిపోతే టైమింగ్ తప్పుతుంది, వాల్వులు పిస్టన్లకి తగులుతాయి, ఇంజిన్ మొత్తం పోతుంది. 2001–2005 మోడళ్ల మీద అమెరికాలో క్లాస్ యాక్షన్ దావా (యజమానులందరి తరఫున ఒకే కేసు) పడి సెటిల్‌మెంట్ దాకా వెళ్లింది. 2006–2008 బండ్లలో బేరింగ్ పెద్దది, చెడిపోవడం అరుదు. కానీ మార్చాలంటే ఇంజిన్‌ని రెండుగా విప్పాల్సిందే. 2009లో వచ్చిన కొత్త ఇంజిన్‌లో అసలు ఆ షాఫ్టే లేదు. అప్పటి 911 టర్బో, జీటీ3లది వేరే ఇంజిన్, వాటికి ఈ గొడవ లేదు. కాకపోతే వాటి ధర నాకు అందదు.

రెండో భయం సిలిండర్ గోడల మీద గీతలు, బోర్ స్కోరింగ్. ఎమ్97 ఇంజిన్లలో ఇది ఎక్కువ. మంచు పడే రాష్ట్రాల్లో తిరిగిన బండ్లలో మరీ ఎక్కువ. ఇంజిన్ వేడెక్కాక టక్‌టక్‌మని చప్పుడు, ఆయిల్ తాగడం, 911 అయితే ఒకవైపు పొగ గొట్టం రెండోదానికన్నా నల్లగా మసిబారడం దీని గుర్తులు. కేమన్ ఎస్‌కి రెండు గొట్టాలూ మధ్యలోనే కలిసి ఉంటాయి, కాబట్టి మసి లెక్క ఇక్కడ పనిచేయదు. కెమెరా పెట్టి చూడాల్సిందే. 2009 తర్వాతి ఇంజిన్లలో ఈ సమస్య బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఫిబ్రవరి

మొదటి బండి మా టెక్సస్‌లోనే, హ్యూస్టన్‌లో. వెండి రంగు, తిరిగింది 19 వేల మైళ్లే. ఫోటోలు చూస్తే షోరూమ్ నుంచి ఇప్పుడే దింపినట్టుంది. అడిగిన ధర మార్కెట్ కంటే బాగా ఎక్కువ, కారణం ఆ 19 వేలే.

టైర్ పక్కన చిన్న గడిలో ఉండే నాలుగు అంకెల డాట్ కోడ్ చూశాను: 3113. అంటే 2013లో 31వ వారం. మోకాళ్ల మీద కూర్చుని ఫోన్ లైటు వేస్తే ట్రెడ్ గాడుల అడుగున సన్నటి పగుళ్లు. ట్రెడ్ మాత్రం నిండా ఉంది! బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి మార్చాలి, చివరిసారి ఎప్పుడు మార్చారో యజమానికి గుర్తులేదు. కూలెంట్ మార్చిన బిల్లు లేదు. బ్యాటరీ ఎప్పుడూ ఛార్జర్ మీదే.

తక్కువ తిరిగిన బండి అంటే మనవాళ్లకి మహా మోజు. హైదరాబాద్‌లోనూ అంతే, ఇక్కడా అంతే. నా లెక్కలో ఏళ్ల తరబడి గ్యారేజీలో పడున్న బండికన్నా, వారానికి రెండుసార్లు వేడెక్కి, సర్వీసులు వేళకి చేయించుకున్న 60 వేల మైళ్ల బండే నయం. సీళ్లు ఎండిపోతాయి, ఫ్లూయిడ్లు తేమ పీల్చుకుంటాయి, వాటికి మీటర్ రీడింగుతో పనిలేదు. పైగా తక్కువ మైళ్లకని ఎక్కువ డబ్బిచ్చి కొంటే, మనం నడిపే ప్రతి మైలుకీ ఆ డబ్బు కరిగిపోతుంది. అలాంటి బండి కొని నడపాలంటేనే టెన్షన్.

హ్యూస్టన్ అన్నాక వరద సంగతి కూడా. 2017లో హార్వీ తుపాను వచ్చినప్పుడు అక్కడ మునిగిన కార్లకి లెక్కలేదు. సీటు బెల్టుని పూర్తిగా బయటికి లాగి చివరిదాకా బురద గీత ఉందేమో చూడండి. సీటు పట్టాల బోల్టులకి తుప్పు, కార్పెట్ కింద స్పాంజిలో తేమ చూడండి. ఈ బండి ఆ విషయంలో శుభ్రంగానే ఉంది. అయినా ఆ ధరకి వద్దనుకున్నాను.

మార్చి

రెండోది మా ఇంటికి దగ్గర్లోనే, పాత కార్లు అమ్మే ఒక షాపులో. నల్ల రంగు, ధర ఆశపెట్టేలా ఉంది. "పొద్దున్నే వస్తాను, నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ఫోన్‌లో చెప్పి పెట్టాను. వెళ్లగానే పొగ గొట్టం చివర చెయ్యి పెట్టి చూశాను, వెచ్చగా ఉంది. చల్లటి ఇంజిన్ మొదటిసారి లేచేటప్పుడు వినపడే చప్పుళ్లు, కనపడే పొగే ముఖ్యం. ఫ్లాట్ సిక్స్ ఇంజిన్ రాత్రంతా ఆగి ఉంటే మొదట్లో కొంచెం పొగ ఊదడం మామూలే. తెల్లటి పొగ ఆగకుండా గుప్పుమని వస్తుంటే మాత్రం ఎయిర్ ఆయిల్ సెపరేటర్ (ఇంజిన్ లోపలి గాలి నుంచి ఆయిల్‌ని వేరుచేసే భాగం) పోయినట్టే అనుకోవచ్చు. ముందే వేడి చేసి ఉంచితే ఇవేవీ తెలియవు.

తర్వాత ముందు డిక్కీ మూత ఎత్తాను. దాని లోపలివైపు ఒక తెల్ల స్టిక్కర్ ఉండాలి. బండి నంబరు, రంగు కోడ్, ఫ్యాక్టరీలో వేసిన ఆప్షన్ల కోడ్‌లు అందులో ఉంటాయి. 220 అంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, 475 అంటే ఎలక్ట్రానిక్ సస్పెన్షన్, 450 అంటే సిరామిక్ బ్రేకులు. అమ్మేవాళ్లు చెప్పే ఆప్షన్లు నిజమో కాదో తేలేది అక్కడే. సిరామిక్ డిస్కులు అరిగి ఉంటే మార్చే ఖర్చుకి ఇంకో చిన్న కారు వస్తుంది, కాబట్టి 450 కనపడితే సంబరపడే ముందు డిస్కులు చూసుకోవాలి. ఈ బండికి స్టిక్కరే లేదు. మూత మార్చి ఉండొచ్చని అనుమానం వచ్చి పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టాను. తలుపుల మీద 5 మిల్లుల (మిల్లు అంటే అంగుళంలో వెయ్యో వంతు) దగ్గర చూపించింది, ముందు ఎడమ ఫెండర్ మీద 14. అంటే అక్కడ మళ్లీ పెయింట్ వేసినట్టే. హిస్టరీ రిపోర్టులో ప్రమాదం లేదు. ఇన్సూరెన్స్ దాకా పోకుండా సొంత డబ్బుతో బాగు చేయించుకుంటే ఏ రిపోర్టులోనూ ఎక్కదు.

చివరగా, చవకగా దొరికే ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని ఎర్రర్ కోడ్‌లు చదివేది) తగిలించాను. ఎర్రర్ కోడ్ ఒక్కటీ లేదు. కానీ మానిటర్లు, అంటే బండి తనకు తానే చేసుకునే పరీక్షలు, చాలావరకు 'నాట్ రెడీ' అన్నాయి. అంటే కోడ్‌లు ఈమధ్యే చెరిపేశారు, లేదా బ్యాటరీ తీశారు. ఏ కోడ్ చెరిపారో బండి ఇంకొన్నాళ్లు తిరిగితే గానీ తెలియదు. సేల్స్‌మన్‌ని అడిగితే బ్యాటరీ మార్చామన్నాడు. బిల్లు చూపించమంటే మాట మార్చాడు. నేనూ దారి మార్చాను.

ఈ నెలలోనే విజయవాడ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అన్నా, నువ్వు వచ్చేసేటప్పుడు ఆ బండిని ఓడెక్కించెయ్" అన్నాడు. కుదరదురా అని చెప్పాను. ఇండియాకి తెచ్చే పాత కారు వయసు మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. మనది రెండింటికీ పనికిరాదు. వాడు హైదరాబాద్‌లోనే ఇలాంటిది చూస్తానంటున్నాడు. బెంగళూరు బండైతే ఫారం 28 మీద ఎన్‌ఓసీ, ఫైనాన్స్ ఉండి ఉంటే తీరినట్టు ఫారం 35, తెలంగాణలో మళ్లీ లైఫ్ ట్యాక్స్, ఈ మూడూ లెక్కేసుకున్నాకే బేరం మొదలుపెట్టమన్నాను.

ఏప్రిల్

ఆస్టిన్‌లో మూడోది. నీలం రంగు, 2010 మోడల్, 62 వేల మైళ్లు, రిటైరైన ఇంజినీర్ దగ్గర. అడిగింది 39,500. ఆయన ఫోన్‌లో చెప్పిన మొదటి మాట, "బిల్లులన్నీ ఉన్నాయి, ముందు అవి చూసి తర్వాత బండి చూడండి." దళసరి ఫైలు. ప్లగ్గులు, కాయిళ్లు, రెండేళ్లకోసారి బ్రేక్ ఫ్లూయిడ్, హై ప్రెషర్ ఫ్యూయల్ పంప్ ఒకసారి మార్చిన బిల్లు. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పద్ధతి) ఉన్న ఈ 3.4 ఇంజిన్‌కి ఆ పంపు తెలిసిన బలహీనత. వేడి మీద స్టార్ట్ చేస్తే సెల్ఫ్ చాలాసేపు తిరగడం దాని లక్షణం. మామూలు కేమన్‌లో ఉండే 2.9 ఇంజిన్‌కి డైరెక్ట్ ఇంజెక్షన్ లేదు, ఆ తలనొప్పీ లేదు.

నడిపి చూసినప్పుడు మూడే పట్టించుకున్నాను. ఇంజిన్ చల్లగా ఉండగా రెండో గేరులోకి పళ్లు కొరక్కుండా పడుతోందా? పై గేరులో తక్కువ ఆర్‌పీఎమ్ దగ్గర ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే, వేగం పెరగకుండా ముల్లు మాత్రమే పైకి లేస్తోందా? లేస్తే క్లచ్ అయిపోయినట్టే. గట్టిగా బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోందా? అన్నిటికీ సమాధానం బాగానే వచ్చింది. శబ్దం గురించి రాయను, రాస్తే ఇక ఆపను.

కొనేముందు పరీక్షని అమ్మేవాళ్ల మెకానిక్ దగ్గర కాకుండా, పోర్షేలు మాత్రమే చూసే వేరే గ్యారేజీలో చేయించాను. బోరోస్కోప్ (సిలిండర్‌లోకి దింపే సన్నటి కెమెరా), కంప్యూటర్ రిపోర్టుతో కలిపి 550 డాలర్లు. నన్ను పక్కనే నిలబడి చూడనిచ్చారు.

ఓవర్ రెవ్ రిపోర్ట్ గురించి చాలామందికి తెలియదు కాబట్టి చెప్తాను. ఇంజిన్ తన పరిమితి దాటి తిరిగిన ప్రతిసారీ ఎన్ని స్పార్కులు పడ్డాయో దాని కంప్యూటర్ ఆరు రేంజ్‌లుగా రాసుకుంటుంది. కింది రేంజ్‌లలో అంకెలు కనపడితే కంగారు అక్కర్లేదు, లిమిటర్ (ఇంజిన్ మరీ వేగంగా తిరక్కుండా ఆపేది) దాకా తొక్కినా పడతాయవి. 4, 5, 6లలో పడితే కథ వేరు. అంత ఆర్‌పీఎమ్ యాక్సిలరేటర్‌తో రాదు, ఐదో గేరు వేయబోయి మూడోది వేస్తేనే వస్తుంది. అంకెలు చూసి బెదరొద్దు. ఆరు సిలిండర్లు కాబట్టి ఒక చుట్టుకి మూడు స్పార్కులు, 7,500 ఆర్‌పీఎమ్ దగ్గర సెకనుకి 375. అంటే రిపోర్టులో 700 అని ఉంటే అది రెండు సెకన్లు కూడా కాదు. ఎప్పుడు జరిగిందో ఇంజిన్ గంటల లెక్కలో పక్కనే ఉంటుంది. చాలా ఏళ్ల కిందట జరిగి, ఆ తర్వాత వందల గంటలు ఇబ్బంది లేకుండా నడిస్తే భయం తక్కువ. ఈ బండికి మొదటి రెండు రేంజ్‌లలోనే అంకెలు, మిగతావన్నీ సున్నా.

అదే రిపోర్టులో మొత్తం గంటలు 1,850. 62 వేల మైళ్లని దాంతో భాగిస్తే గంటకి సగటున 33 మైళ్లు, నమ్మదగ్గ లెక్క. ఈ సగటు 10, 12 దగ్గర వస్తే మీటర్ వెనక్కి తిప్పారేమో అని ఆలోచించాలి.

మెకానిక్ ఆయిల్ ఫిల్టర్ తీసి, కాగితం మడతలు ఒక్కొక్కటీ వేలితో విప్పుతూ లైటు కింద తిప్పాడు. మెరుపు రజను లేదు. అయస్కాంతం ఆనిస్తే ఏమీ అంటలేదు. ప్లగ్గుల రంధ్రాల్లోంచి కెమెరా దింపితే ఆరు సిలిండర్ల గోడలూ బూడిద రంగులో సమంగా ఉన్నాయి, నిలువు గీతలు లేవు. ముందు బంపర్ జాలీల్లో మాత్రం ఎండాకులు, ఒక చాక్లెట్ రేపర్, వాటి వెనక ఏసీ కండెన్సర్ రెక్కలు ఒక మూల తెల్లగా పొడిబారి ఉన్నాయి. టెక్సస్ ఎండల్లో ఏసీ పోతే బండిని చూసుకోవడం తప్ప ఎక్కలేం. వాటర్ పంప్ కింద ఎండిన కూలెంట్ చారిక, ముందు సస్పెన్షన్ ఆర్మ్‌ల బుషులు అరుగుదల, 2018 టైర్లు. అన్నీ రిపోర్టులో రాసిచ్చాడు.

ఆ కాగితం చూపించి బేరం ఆడాను. ఇంజినీర్ ఒక్కసారి చదివి, 37,200 అన్నాడు. చాలనుకున్నాను.

మే

ఇద్దరం కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకే వెళ్లాం. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) ఆయన పేరు మీదే, లోన్ లేదు, సాల్వేజ్ ముద్ర (బాగా దెబ్బతిన్న బండి అని వేసేది) లేదు. టైటిల్ మార్పు దరఖాస్తు ఫారం 130-యూ మీద ఇద్దరి సంతకాలు. టెక్సస్‌లో పన్ను 6.25 శాతం. మనం ఇచ్చిన ధర, రాష్ట్రం కట్టిన విలువలో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు. నాకు ఇచ్చిన ధర మీదే పడింది, 2,325 డాలర్లు. చెక్కు ఆయనకి ఇచ్చింది కౌంటర్ దగ్గర పని అయిపోయాకే. రెండు తాళాలూ అక్కడే తీసుకున్నాను. ఒకటే ఉందంటే, ఇంకోటి చేయించడానికయ్యే వందల డాలర్లు ధరలో తగ్గించి ఇవ్వాలి.

ఇన్సూరెన్స్ అగ్రీడ్ వాల్యూ పద్ధతిలో తీసుకున్నాను. బండి పోతే అప్పటి మార్కెట్ ధర అంటూ వాదించకుండా ముందే ఒప్పుకున్న మొత్తం ఇస్తారు.

ఇప్పుడు చేయాల్సిన పనులు వరసగా: వాటర్ పంప్, దాంతోపాటే థర్మోస్టాట్, ఎలాగూ కూలెంట్ దించాలి కాబట్టి. నాలుగు టైర్లు, పోర్షే ఆమోదించినట్టు ఎన్ గుర్తు ఉన్నవే. ఆర్మ్‌లు, ఆ తర్వాత అలైన్‌మెంట్. బంపర్ విప్పినప్పుడు జాలీల వెనక సన్నటి మెష్ వేయిస్తాను, ఆకులు మళ్లీ లోపలికి పోకుండా. కండెన్సర్ ఈ వేసవి లాగుతుందో లేదో చూసి నిర్ణయిస్తాను. పంపు, టైర్ల కొటేషన్లు వచ్చాయి, 5 వేలలో 2,900 వాటికే పోయేలా ఉంది. బిల్లులొచ్చాక అసలు లెక్క రాస్తాను.